సమాధానం: నాలుగు రోజుల్లో ఢిల్లీ, ఆగ్రా, జైపూర్

నమస్కారమండీ. శుక్రవారం నుంచి సోమవారం వరకు, బెంగళూరు నుంచి అమ్మానాన్నలతో, మీకోసమే కుదుర్చుకున్న కారు, గైడుతో ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ చూసి రావాలనుకుంటున్నామని, ఏజెంటు ఇచ్చిన పట్టిక చూసి చెప్పమని అడిగారు. ఆ పట్టికలో తాజ్‌మహల్ శుక్రవారం నాడే ఉంది. ఆ రోజు అక్కడ సందర్శకులను అనుమతించరు.

కాబట్టి వరుసను తిరగవేయండి. శుక్రవారం విమానంలో నేరుగా జైపూర్ చేరి, సాయంత్రం రాజా సవాయి జైసింగ్ కట్టించిన ఖగోళ పరిశీలనశాల జంతర్ మంతర్, శనివారం ఉదయం ఆమేర్ కోట చూసుకుని, దారిలో ఫతేపూర్ సిక్రీ వద్ద ఆగి, రాత్రికి ఆగ్రా చేరవచ్చు. ఆదివారం రద్దీ ఎక్కువ కనుక సూర్యోదయానికే తాజ్‌కు వెళ్లండి. పార్కింగ్ నుంచి ద్వారం దాకా బ్యాటరీ బండ్లుంటాయి, పెద్దవారికి నడక తగ్గుతుంది. ప్రధాన సమాధి లోపలికి వెళ్లాలంటే అదనపు టికెట్ కూడా తీసుకోవాలి. మధ్యాహ్నం యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా ఢిల్లీ.

సోమవారం ఎర్రకోట మూసి ఉంటుంది, కానీ దిగులు పడకండి: తాజ్ కన్నా ముందే కట్టిన హుమాయూన్ సమాధిని, తాజ్ చూసిన మరునాడే చూస్తే రెండింటినీ పోల్చుకోవచ్చు, నా దృష్టిలో అది ఇంకా మంచిది. కుతుబ్ మీనార్ కూడా కుదురుతుంది.

గైడును ఏజెంటు కుదిర్చినా, పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు చూశాకే ఒప్పుకోండి; అమ్మగారికి హిందీ రాదన్నారు గనుక, తెలుగు మాట్లాడే గైడు దొరుకుతారేమో ముందే అడగండి.