‘హెయిర్’ నాటకంలో బట్టలు విప్పే సీను తీసేస్తే నాటకం చెడుతుందా?

మీ యూనివర్సిటీ డ్రామా క్లబ్ వియత్నాం యుద్ధకాలపు అమెరికా హిప్పీల పాటల నాటకం ‘హెయిర్’ వేస్తోందనీ, అందరి గొడవా ఆ నగ్న దృశ్యం దగ్గరే ఆగిపోయిందనీ అడిగారు. తీసేయండి, నాటకం చెడదు. 1967 అక్టోబరులో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్‌లో మొదటిసారి ఆడినప్పుడు అసలా సీనే లేదు. 1968 ఏప్రిల్‌లో బ్రాడ్వేకి, అంటే న్యూయార్క్ పెద్ద థియేటర్లకు, వెళ్లినప్పుడు వచ్చి చేరింది. అప్పుడైనా ఇష్టమున్నవాళ్లే విప్పారు. అందులో వేసిన డయాన్ కీటన్, తర్వాత పెద్ద సినిమా నటి అయినావిడ, విప్పలేదు. ఆవిడకేం తక్కువైంది?

మీరు కాపాడుకోవాల్సింది దానికి ముందున్న ఘట్టం. కుర్రాళ్లందరూ సైన్యం పిలుపు కార్డులు మంటలో వేస్తారు. కథానాయకుడు క్లాడ్ కూడా వేస్తాడు, వేసి మళ్లీ లాక్కుంటాడు. ఎటు పోవాలో తేలక పాడతాడు. ఆ పాట చివర మిగతావాళ్లు నగ్నంగా లేచి కదలకుండా నిలబడతారు, 20 సెకన్లు, మసక వెలుతురులో, ఒంటి మీద పూల బొమ్మల లైటింగుతో. వీడొక్కడే బట్టలతో ఉండిపోతాడు. సీనుకున్న అర్థమంతా అదే. కాబట్టి విప్పినా విప్పకపోయినా క్లాడ్ వేరుగా కనిపించాలి.

సాధారణంగా పాడయ్యేది ఈ కార్డు దగ్గరే. కాలేజీ స్టేజీ మీద నిజం మంటకు ఫైర్ వాళ్లు ఒప్పుకోరు. డబ్బాలో నారింజ లైటు, చిన్న ఫ్యాను, పైన పట్టుగుడ్డ పీలికలు పెడతారు. అందులో కార్డు కాలదు కదా, వెనక వరసవాళ్లకు వాడు వేశాడో, తీశాడో తెలియదు. అసలు సైజుకు రెండింతలు తెల్లకార్డు చేయించండి. లాక్కున్నాక చెయ్యి పైకెత్తి రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి, అప్పుడు పాట ఎత్తుకోమనండి.

విప్పాలనే పట్టుబడితే మాత్రం: బ్రాడ్వేలో అందరి మీదా పెద్ద పల్చటి గుడ్డ కప్పి దాని కింద విప్పించారు. బెల్టులు, బూట్ల లేసులు, జీన్స్ గుండీలు ఆ చీకట్లో ఇరుక్కుంటాయి. అంతకుముందు సీను నుంచే చెప్పుల్లేకుండా ఉంచి, నాడా బట్టలు వేయండి. నడుముకు కట్టిన మైకు డబ్బా ఉంటే వైర్లు బయటపడతాయి. దాన్ని విగ్గులో దాచండి, లేదా చేతి మైకులు వాడండి. హాల్లో ఫోన్లు బయట పెట్టించడం కుదరకపోతే ఆ సీను మాటే ఎత్తొద్దు. ఒంటి రంగు బిగుతు బట్టలు మాత్రం వేయకండి. మన పాత సినిమాల క్లబ్ డాన్సులు గుర్తొచ్చి జనం నవ్వుతారు.

ఇంకో మాట. ఆ కార్డులు కాల్చే సీన్లో అందరూ ‘హరే కృష్ణ’ అని జపిస్తారు. ఇస్కాన్ 1966లో న్యూయార్క్‌లోనే పుట్టింది మరి. ‘హరే’ని ‘హేర్’ అని పలుకుతుంటారు. క్లబ్బులో తెలుగువాళ్లు మీరుండి కూడా దిద్దకపోతే ఎలా?

నగ్నత్వం కంటే మీకు నిజంగా తలనొప్పి తెచ్చేది నాటకంలో వాడే అమెరికా జెండా. 1970లో అపోలో 13 వ్యోమగాములు లవెల్, స్వైగర్ట్ జెండాను అగౌరవపరుస్తున్నారని మధ్యలోనే లేచి వెళ్లిపోయారు.  అందుకని జెండా నేలకు తగలకుండా మడతపెట్టడం ముందు నేర్పించండి, డాన్సు తర్వాత. జాతి తిట్లున్న పాటలు కోసేద్దామని కూడా మీలో ఎవరో అంటారు. నగ్న సీను ఐచ్ఛికమే కానీ, పాట కోయాలంటే హక్కుదారుల రాతపూర్వక అనుమతి కావాలి.

చివరి పాట ‘లెట్ ద సన్‌షైన్ ఇన్’ గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నా. రేడియోలో విని అందరూ పండగ పాటనుకుంటారు. నాటకంలో అది యుద్ధంలో చచ్చిపోయిన క్లాడ్ కోసం ఏడుపు. చప్పట్లు కొడుతూ మొదలుపెడితే కథ అక్కడే పోయింది. మొదట డ్రమ్స్ తగ్గించి గొంతుల మీద నడపండి. జనాన్ని స్టేజీ మీదికి పిలిచి గంతులేయించాలనుంటే, లైట్లు ఒకసారి పూర్తిగా ఆర్పి, నటులు దండం పెట్టాకే.