వీడియో కంప్రెషన్ మీద రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడిచింది కానీ, ‘మారిన భాగాన్ని మాత్రమే పంపుతారు’ అన్నచోట ఆగిపోయాను. అందరూ రాసేదే, కానీ సగమే నిజం. కెమెరా కాస్త పక్కకు తిరిగితే తెర మీద దాదాపు ప్రతి పిక్సెలూ మారుతుంది. నీ లెక్కన ఫ్రేమ్ (వీడియోలోని ఒక్కో నిశ్చల బొమ్మ) మొత్తం మళ్లీ పంపాలి. వీడియోను కుదించే ఎన్‌కోడర్ అలా చేయదు. ఫ్రేమ్‌ను బ్లాకులుగా విడగొట్టి (హెచ్.264 అనే కుదింపు ప్రమాణంలో 16×16 పిక్సెళ్లు, అవసరమైతే 4×4 దాకా), ఒక్కో బ్లాకుకు దగ్గరి పోలిక ఇదివరకటి ఫ్రేమ్‌లో ఎక్కడుందో వెతుకుతుంది. ‘ఇంత ఎడమకు, ఇంత పైకి వెళ్లి అక్కడి బొమ్మ తెచ్చుకో’ అని రాసిపెడుతుంది. అదే మోషన్ వెక్టర్. తెచ్చుకున్న బొమ్మకూ అసలు బొమ్మకూ మిగిలే తేడాను విడిగా పంపుతుంది. ఈ తేడా సంగతి నువ్వసలు ఎత్తనే లేదు. బిట్లు ఎక్కువగా ఖర్చయ్యేది తరచూ దీని మీదే.

మోషన్ వెక్టర్ అంటే వస్తువు కదిలిన దారి అని కూడా రాశావు. ఎన్‌కోడర్‌కు వస్తువులు తెలియవు. తక్కువ బిట్లతో పని జరిగే పోలిక ఎక్కడుంటే అక్కడికి చూపిస్తుంది, అంతే. ఖాళీ తెల్లగోడ మీద ఎటు చూపినా దానికి ఒకటే. వాన, అలలు వచ్చినప్పుడు బొమ్మ గళ్లుగళ్లుగా ఎందుకు విడిపోతుందో ఇక్కడే చెప్పొచ్చు: సరైన పోలిక దొరకదు, తేడా పెరుగుతుంది, కేటాయించిన బిట్లు చాలవు. పాఠకుడు ఆ గళ్లను తన కళ్లతో చూసే ఉంటాడు. వ్యాసం అక్కడే మొదలుపెట్టు.

1988 నాటి హెచ్.261 నుంచి ప్రమాణాల చరిత్రను రెండు వాక్యాలకు కుదించు. 1920×1080 వీడియో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున, కుదించకపోతే సెకనుకు దాదాపు 150 కోట్ల బిట్లు అన్న లెక్క మాత్రం ఉంచు.

ఇక ఐ, పి, బి ఫ్రేములు. ఐ తనంతట తాను నిలబడుతుంది, పి వెనకటిదాన్ని చూస్తుంది, బి మామూలుగా ముందూ వెనకా రెంటినీ చూస్తుంది అని నిర్వచనాలిచ్చి వదిలేశావు. దేనికి ఏం మూల్యం చెల్లిస్తున్నామో చెప్పాలి కదా! తర్వాత చూపించాల్సిన ఫ్రేమ్ ముందే వస్తేగాని దాన్ని చూసే బి ఫ్రేమ్ తయారుకాదు. అంటే పంపే వరుస వేరు, చూపే వరుస వేరు. మధ్యలో ఆలస్యం. అందుకే వీడియో కాల్స్‌లో సాధారణంగా బి ఫ్రేముల జోలికి పోరు. ఐ ఫ్రేములను దూరదూరంగా పెడితే ఫైలు తగ్గుతుంది, నిజమే. కానీ మధ్యలోకి జరిపి చూడాలంటే ప్లేయర్ వెనకున్న ఐ దగ్గర్నుంచి డీకోడ్ చేసుకుంటూ, అంటే కుదించినదాన్ని మళ్లీ బొమ్మలుగా విప్పుకుంటూ రావాలి. దారిలో ఒక ఫ్రేమ్ పాడైతే ఆ మచ్చ తర్వాతి ఐ దాకా పాకవచ్చు. సీన్ మారినచోట వెనకటి ఫ్రేమ్ ఎందుకూ పనికిరాదు కాబట్టి, మంచి ఎన్‌కోడర్ అక్కడ తానే ఐ పెడుతుంది.

ఒక పని చెయ్యి. కూర్చుని మాట్లాడే మనిషి క్లిప్ ఒకటి, సముద్రం క్లిప్ ఒకటి తీసుకుని, ఒకే నాణ్యత సెట్టింగుతో కుదించు. వీడియో ఫైళ్ల వివరాలు చూపించే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ ప్రోగ్రాంతో ఏ ఫ్రేమ్ ఏ రకమో, ఎంత సైజో వరుసగా చూడు. ఎఫ్ఎఫ్‌ప్లే అనే ప్లేయర్‌లో మోషన్ వెక్టర్లను బాణాలుగా గీసి చూపించే ఫిల్టర్ కూడా ఉంది. రెండో ప్రతి అవన్నీ చూశాకే రాసి పంపు.

ఉంటాను.