“ఇక్కడ” అన్న మాట కొట్టెయ్

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన వీ లుకప్ (రోల్ నంబర్ ఇస్తే పట్టికలో వెతికి పేరు తెచ్చే ఎక్సెల్ ఫార్ములా) వీడియో పాఠం రెండుసార్లు చూశాను. మొదటిసారి కుదురుగా కూర్చుని చూశాను, బాగానే ఉంది. రెండోసారి నీ విద్యార్థి చూసినట్టు చూశాను: ఫోన్‌లో వీడియో పెట్టి, ఎదురుగా ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి, నువ్వు చెప్పింది చేసుకుంటూ. మూడో నిమిషం దాటలేకపోయాను. “ఇక్కడ క్లిక్ చేసి, దీన్ని ఇలా సెలెక్ట్ చేసి, ఇది నొక్కేయండి” అన్నావు. ఎక్కడ? దేన్ని? ఏది? తల తిప్పి ఫోన్ చూసేసరికి నీ పాయింటర్ ఇంకోచోటికి వెళ్లిపోయింది. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నేర్చుకునే మనిషి కళ్లు తన షీట్ మీద ఉంటాయి. నీకు దొరికేవి అతని చెవులే. అందుకని “ఇక్కడ, ఇది, దీన్ని, ఇలా” అన్న నాలుగు మాటలు స్క్రిప్ట్‌లో ఎక్కడ కనబడ్డా కొట్టేసి, ఆ వస్తువు పేరు రాయి. నీ వాక్యం ఇలా ఉండాలి: “కామా కొట్టాక హెచ్2 సెల్ మీద క్లిక్ చేసి, మౌస్ వదలకుండా ఐ60 దాకా లాగండి. ఇప్పుడు కీబోర్డ్ పై వరసలో ఉన్న ఎఫ్4 కీ నొక్కండి. హెచ్‌కి ముందు ఒక డాలర్ గుర్తు, 2కి ముందు ఒకటి వచ్చాయా?” ఆ చివరి ప్రశ్న మానెయ్యకు. తన చేతిలో పని సరిగ్గా జరిగిందో లేదో అతను తేల్చుకునేది దానితోనే. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కలిపి నొక్కితే గానీ ఎఫ్4 పనిచేయదు, అదీ చెప్పు.

నీ పేర్ల పట్టిక ఎఫ్ కాలమ్‌లో ఉంది. “ఎఫ్4” అని చెవిన పడితే సెల్ అనుకోవాలా, కీ అనుకోవాలా? పట్టికను హెచ్ కాలమ్‌కి జరుపు.

డాలర్లు పెట్టావు గానీ ఎందుకో చెప్పలేదు. ముందు అవి లేకుండానే ఫార్ములా కిందికి లాగి చూపించు. ఒక్కో వరస దిగేకొద్దీ పట్టిక హద్దులు కూడా కిందికి జారి, పైనున్న రోల్ నంబర్లు దొరక్క ఎన్‌ఏ ఎర్రర్లు వస్తాయి. అప్పుడు డాలర్లు పెట్టు, హద్దులు జారకుండా నిలబడతాయి. ఫార్ములా చివర, అచ్చంగా అదే నంబర్ కావాలని రాసే ఫాల్స్ సంగతీ అంతే. అది వదిలేస్తే ఎక్సెల్ దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది. రోల్ నంబర్లు వరసలో లేకపోతే, ఎర్రర్ కూడా చూపించకుండా ఒకరి మార్కుల పక్కన ఇంకొకరి పేరు పెట్టేయొచ్చు. కనబడని తప్పు కాబట్టి దీనికి నిమిషం ఎక్కువ పట్టినా ఫరవాలేదు.

స్క్రిప్ట్ లేకుండా మాట్లాడితే సహజంగా ఉంటుందని రాశావు. ఒప్పుకోను. నోటికి “ఇక్కడ” వచ్చేది సరిగ్గా అప్పుడే. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు చూడు, తెలుగులోనూ ఉన్నాయి. ఒక్కోటి దాదాపు పది నిమిషాలు. పాఠం ఒక పక్క, సాఫ్ట్‌వేర్ ఇంకో పక్క పెట్టుకుని చేసుకుపోవడమే వాటి పద్ధతి. స్క్రిప్ట్ రెండు కాలమ్‌లలో రాస్తారు: ఎడమవైపు తెర మీద ఏం జరగాలో, కుడివైపు నోటితో ఏం చెప్పాలో. రికార్డింగ్‌కి ముందు ఆ సాఫ్ట్‌వేర్ తెలియని మనిషి చేత చేయించి చూస్తారు. నువ్వూ అలాగే రాయి. ముందు పేరు చెప్పు, తర్వాత పాయింటర్ జరుపు, తర్వాత క్లిక్ చెయ్, రెండు సెకన్లు ఊరుకో. పాయింటర్‌ను గుండ్రంగా తిప్పడం పూర్తిగా మానుకో.

బటన్ మీద ఏ మాట ఉంటే ఆ మాటే పలుకు. కొందరు ఎడిటర్లు స్క్రిప్ట్‌లో “ఇన్సర్ట్” కనబడగానే “చొప్పించు” అని దిద్దేస్తారు. తెలుగు మీద వాళ్లకున్న ప్రేమ నాకూ ఉంది. కానీ తెర మీద “చొప్పించు” లేనప్పుడు ఆ పిల్లాడు దాన్ని ఎక్కడ వెతకాలి? ఇన్సర్ట్ అంటే ఏమిటో ఒకసారి తెలుగులో చెప్పు, ఆ తర్వాత ఇన్సర్టే అను.

తొమ్మిదో నిమిషంలో ఎర్రర్ వచ్చి నువ్వు తడబడ్డ చోటు తీసెయ్యాలా అని అడిగావు. తియ్యకు. వీడియోలో నన్ను కదిలించింది అదే. రోల్ నంబర్ కళ్లెదుట ఉన్నా దొరకడంలేదని నువ్వు వెతుకుతుంటే నేనూ వెతికాను. కారణం మాత్రం విడమరిచి చెప్పు: ఆ నంబర్లు అంకెలుగా కాక టెక్స్ట్‌గా, అంటే ఉత్త అక్షరాలుగా పడ్డాయి. సెల్‌లో ఎడమ అంచుకు అతుక్కుని ఉంటాయి, పై మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనబడుతుంది. సెల్స్ సెలెక్ట్ చేసి, పక్కన వచ్చే పసుపు గుర్తులో కన్వర్ట్ టు నంబర్ ఎంచుకుంటే సరిపోతుంది.

అక్షరాలు మసకగా ఉన్నాయి. తెర రికార్డ్ చేసే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో వీడియో కింద బేస్ (తెర సైజు) 1920×1080 ఉండి, అవుట్‌పుట్ (వీడియో సైజు) 1280×720 అని మిగిలిపోయి ఉంటుంది. రెండూ ఒకటే చెయ్. సెకనుకు 30 ఫ్రేములు చాలు. ఎక్సెల్ జూమ్ 160 శాతం దాకా పెంచు, విండోస్ డిస్‌ప్లే స్కేల్ 150 శాతం పెడితే పైనున్న మెనూలు కూడా పెద్దవవుతాయి. రికార్డింగ్ ఎంకేవీ అనే ఫైల్ రకంలోనే చెయ్. మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 ఫైల్ మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు, ఎంకేవీలో అప్పటిదాకా చేసింది మిగులుతుంది. తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్‌తో ఎంపీ4గా మార్చుకో. మైక్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి, లేకపోతే ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి తగులుతుంది. మాట్లాడేటప్పుడు ఓబీఎస్‌లో సౌండ్ మీటర్ పసుపులో ఆడాలి, ఎరుపు తాకకూడదు.

ఆ షీట్‌లో పిల్లల అసలు పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్నాయి. ఆ వీడియో ఎవరికీ పంపకు. కల్పించిన పేర్లతో మళ్లీ రికార్డ్ చెయ్.

ఇక మీ స్నేహితుడి బిల్లింగ్ యాప్ వీడియో. పన్నెండు సెకన్లు లోగో తిరిగింది, తర్వాత లాగిన్, తర్వాత మెనూలన్నీ వరసగా. ప్రతి ఫీచర్ చూపించాలని పట్టుబట్టే మార్కెటింగ్ వాళ్ల పుణ్యమా అని ఇలాంటివి గుట్టలు పడ్డాయి, కిరాణా కొట్టాయనకి వాటిలో ఒక్కటీ పనికి రాదు. మొదటి ఐదు సెకన్లలో తయారైన బిల్లు కస్టమర్ వాట్సాప్‌కి చేరడం చూపించు. తర్వాత ఆ ఒక్క బిల్లే మొదటినుంచి చేసి, 90 సెకన్లలో ముగించు. సరుకుల పేర్లు టెస్ట్1, ఏబీసీ అని వద్దు. సోనా మసూరి బస్తా, రెండు కిలోల కందిపప్పు, పావుకిలో ఎండుమిర్చి అని ఉండాలి. ఇలాంటి వీడియో ఫోన్‌లో చాలాసార్లు సౌండ్ లేకుండానే నడుస్తుంది. కాబట్టి పాఠానికి చెప్పినదానికి ఇది తలకిందులు: మాట వినబడకపోయినా తెర చూస్తే అర్థమవ్వాలి. పెద్ద అక్షరాల్లో ఒక్క వరస క్యాప్షన్ పెట్టు. సంగీతం తీసెయ్.

పాఠం మళ్లీ రికార్డ్ చేసేముందు స్క్రిప్ట్ నాకు పంపు. రెండు కాలమ్‌లతో, ఆ నాలుగు మాటలు కొట్టేసి.

ఆశీస్సులతో.