అత్తారింట్లో విన్నది సభలో చూసినట్టు రాయొచ్చా?

నరసాపురం నుంచి ఒకాయన రాసిన ఉత్తరం ఇది. వయసు 38, ట్యూషన్ సెంటర్ నడుపుతారు, ఏ పార్టీలోనూ లేరు. 2024 ఎన్నికల్లో అన్ని పార్టీల సభలకీ సొంత బండి మీద, సొంత పెట్రోలుతో తిరిగి, చూసింది చూసినట్టు రాసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. భార్యది గోదావరి అవతలి ఒడ్డు, రాజోలు దగ్గర పల్లెటూరు. ఆవిడ అన్నయ్య అక్కడ ఒక పార్టీకి ముఖ్యమైన కార్యకర్త. రాజోలులో ఆ పార్టీ సభ మీద ఈయన రాసిన వ్యాసంతో రెండిళ్ళ మధ్య మాటలు పోయాయి. పోయిన సంక్రాంతికి భార్యా పిల్లలు మాత్రమే పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదావరి దాటి వెళ్ళొచ్చారు. "నేను ఒక్క అబద్ధం రాయలేదు. నిజం రాస్తే చుట్టరికం తెంచుకుంటారా? పంచాయతీ ఎన్నికలకి మళ్ళీ రాయాలని ఉంది. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. మానేయాలా?" అని అడిగారు.

మానేయక్కర్లేదండి. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేది మీకు అంత నచ్చకపోవచ్చు.

మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. మూడు పేజీలు సభల గురించే. ఎండలో నాయకుడి కోసం మూడు గంటలు కూర్చున్న ఆడవాళ్ళు చెప్పులు పరుచుకుని వాటిమీద కూర్చోవడం, సభ ఇంకా అవకుండానే షామియానా కుర్రాళ్ళు వెనక వరసల కుర్చీలు దొంతర్లు పెట్టేస్తుంటే ఒక అనుచరుడు పరిగెత్తుకొచ్చి మళ్ళీ వేయించడం చదివి నవ్వుకున్నాను. ఆ కళ్ళు అందరికీ ఉండవు. నాలుగో పేజీలో మాత్రం ఒక్క వాక్యంలో ఒక సంగతి దాటేశారు. "సభకి ముందు రోజు రాత్రి అత్తారింట్లో భోంచేస్తుంటే మా బావమరిది ఫోన్లో మాట్లాడినవి కూడా వ్యాసంలో వాడాను" అన్నారు.

అక్కడే ఉందండి గొడవంతా.

మీరు పంపిన వ్యాసం కూడా చదివాను. ఏ పేట నుంచి ఎన్ని ఆటోలు, మనిషికి ఎంత, బిర్యానీ పొట్లాలు ఎన్ని, అన్నీ ఉన్నాయి. మైదానంలో ఎంతసేపు నిలబడినా అంత కచ్చితంగా తెలిసే లెక్కలు కావు అవి. రోజంతా ప్రచారంలో తిరిగొచ్చిన మనిషి ఇంటికొచ్చి, చెల్లెలి మొగుడే కదా అని పక్కన కూర్చుని, ఒక చేత్తో పులుసన్నం కలుపుతూ రెండో చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడిన మాటలు. మీరు రాసుకుంటున్నారని ఆయనకి తెలియదు.

ఆయనకి జరిగిన నష్టం పరువు ఒక్కటే అనుకుంటున్నట్టున్నారు. 2024లో మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి పెట్టుకోగల ఖర్చు 40 లక్షలు. సభకి తెచ్చిన బళ్ళు, కుర్చీలు, భోజనాలు అందులోకే వస్తాయి. ఎన్నికల సిబ్బంది సభలు వీడియో తీయించి, అభ్యర్థి చూపించే లెక్కకి పక్కన తమ లెక్క వేరే రాసుకుంటారు. ఫలితాలొచ్చిన 30 రోజుల్లోపు అభ్యర్థి పూర్తి లెక్క అప్పజెప్పాలి. అలాంటప్పుడు ఆటోల సంఖ్యతో సహా వ్యాసం బయటికొస్తే, "ఇది మీ ఇంట్లోంచే వెళ్ళింది" అని మీ బావమరిదిని పైవాళ్ళు నిలదీయకుండా ఉంటారా? డబ్బులిచ్చి జనాన్ని తేవడం ఒప్పని నేననడం లేదు. అది రాయాలనుకుంటే ఆ ఆటోవాళ్ళనే అడిగి, ఆ పేటకే వెళ్ళి తెలుసుకుని రాయాల్సింది.

మా ఇంట్లో ఇద్దరు బాబాయిలు రెండు పార్టీల్లో తిరిగేవారు. పొద్దున్న ఒకరినొకరు మైకుల్లో తిట్టుకుని, రాత్రి పెళ్ళి భోజనంలో ఒకే బంతిలో కూర్చునేవారు. ఏ పార్టీలోనూ లేకుండా ఇటు మాట అటు మోసిన మూడో బాబాయితో మాత్రం ఇద్దరికీ మాటల్లేవు.

ఇక మీ ఆవిడ సంగతి. పుట్టింటికి వెళ్తే తను వంటింట్లోకి రాగానే వదిన మాట ఆపేస్తోందని ఆవిడ మీతో అన్నట్టు మీరే రాశారు. అన్నాళ్ళూ తనదైన ఇంట్లో ఆవిడ ఇప్పుడు పరాయి మనిషయింది. ఆవిడ రాయొద్దని పట్టుబట్టలేదు కూడా. "నాతో ఒక్క మాట చెప్పి రాయాల్సింది" అందట. దాన్ని మీరు "ఒప్పుకోవడం లేదు" అని అనువదించుకున్నారు.

ముందు అవతలి ఒడ్డుకి వెళ్ళండి. పండగ దాకా ఆగొద్దు, పండక్కి ఇంటినిండా జనం ఉంటారు, అందరి ముందూ ఆయన మెత్తబడలేరు. మామూలు రోజు పొద్దున్నే నరసాపురం రేవులో పంటెక్కి, సఖినేటిపల్లిలో దిగి, ఆయన రొయ్యల చెరువు దగ్గర మేత వేయించే వేళకి వెళ్ళండి. గట్టు మీద ఇద్దరే ఉంటారు. "బావా, ఇంట్లో విన్నది రాయకూడదు, రాశాను, తప్పయింది" అనండి. "కాకపోతే నిజమే కదా" అని మాత్రం తగిలించొద్దు. ఆయన కేకలేస్తే వేయనివ్వండి. వ్యాసంలోంచి ఆ ఒక్క పేరా తీసేశానని చెప్పండి. అంటే వెళ్ళేలోపే తీసేసి ఉండాలి. సభకి వెళ్ళినందుకో, వ్యాసం రాసినందుకో క్షమాపణ చెప్పక్కర్లేదు.

ఇంకో చిన్న విషయం. సభల్లో ఎవరైనా అడిగితే "స్వతంత్ర పరిశీలకుణ్ణి" అని చెబుతున్నానన్నారు. ఎన్నికలప్పుడు ఆ మాటకి వేరే అర్థం ఉంది. ఎన్నికల సంఘం సాధారణ, పోలీసు, వ్యయ పరిశీలకులని నియమిస్తుంది, వాళ్ళు అధికారులు. మీరలా అంటే ఒకడు భయపడి లేనిపోనివి చెబుతాడు, ఇంకొకడు కార్డు చూపించమంటాడు. "ట్యూషన్ మాస్టార్నండి, రాస్తుంటాను" అంటే సరిపోతుంది. మర్యాదకి మెడలో కండువా వేయబోతే చేతులు జోడించి పక్కకి తప్పుకోండి, బిర్యానీ పొట్లం కూడా అంతే. బావమరిది పార్టీ గురించి రాసినప్పుడల్లా మా దగ్గరి చుట్టం ఇందులో ఉన్నారని మొదట్లోనే ఒక ముక్క రాయండి. పేరక్కర్లేదు.

పంచాయతీ ఎన్నికలకి ఆవిడ పుట్టిన ఊరు మాత్రం వదిలేయండి. అక్కడ పార్టీ గుర్తులుండవు, నిలబడేది మామయ్యో పెద్దనాన్న కొడుకో అవుతాడు, మీ చెవిన పడే ప్రతి మాటా ఎవరో ఒకరి వంటింట్లోంచే వస్తుంది. చుట్టుపక్కల ఇంకా బోలెడు ఊళ్ళున్నాయి. ఆవిడ ద్వారా పరిచయమైన మనుషులెవరైనా వ్యాసంలోకి వస్తే, బయటపెట్టే ముందు ఆవిడకి చదివి వినిపించండి.

రాజోలు వ్యాసంలో కుర్చీల ముచ్చట మాత్రం తీయకండి. అది మీరు అక్కడ నిలబడి చూసింది.