జామ కాయలు రాత్రిపూట మాయమైతే చిలుకలను తిట్టకండి

ప్రశ్న: ఎకరంలో తైవాన్ జామ వేశాం. సాయంత్రం చూసిన పండ్లు తెల్లవారేసరికి ఉండటం లేదు. సగం కొరికినవి కింద పడి ఉంటున్నాయి, కొన్నింటిలో తెల్ల పురుగులున్నాయి. పొద్దున్నే చిలుకలు కనిపిస్తున్నాయి. మెరుపు రిబ్బన్లు కట్టి రెండు వారాలైనా ఫలితం లేదు. పండు ముక్కల్లో కార్బోఫ్యూరాన్ అనే పురుగుమందు గుళికలు పెట్టి కొమ్మలకు కట్టమని మందుల దుకాణంలో చెప్పారు. కట్టవచ్చా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: కట్టకూడదు. ఇప్పటికే కట్టి ఉంటే ఈరోజే తీసి, ఎవరికీ అందకుండా లోతుగా పూడ్చండి.

మీరు రాసినదాన్ని బట్టి అసలు నష్టం చిలుకల వల్ల కాదు, గబ్బిలాల వల్ల. చిలుకలు పగలే వస్తాయి, పచ్చి కాయలను కూడా కొరికి పారేస్తాయి. మీకు పోతున్నవి పండినవి, అదీ రాత్రిపూట. గట్టు మీది వేప, మామిడి చెట్ల కింద వెతకండి. గబ్బిలం పండును తెంపుకుపోయి వేరే చెట్టుకు వేలాడుతూ నములుతుంది, రసం మింగి పిప్పి ఉమ్మేస్తుంది. నొక్కి పడేసినట్టున్న నార ఉండలు, వాటిలో జామ గింజలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. పొద్దున వచ్చే చిలుకలు చాలావరకు మిగిలినవి తింటున్నాయి.

రిబ్బన్ ఎండకు మెరిస్తేనే పక్షి బెదురుతుంది. చీకట్లో వచ్చే గబ్బిలానికి అది అడ్డు కాదు.

వల ఒక్కటే నమ్మకమైన ఉపాయం. కన్ను 5 మి.మీ. మించకూడదు, వేలు దూరితే ఆ వల కొనకండి, అందులో పక్షులు, పాములు చిక్కుకుని చస్తాయి. తెల్లటి వలను పందిరి మీద బిగుతుగా లాగి, అంచులు నేలదాకా దించండి. ఎకరమంతా వేసే స్తోమత లేకపోతే, పండుతున్న వరుసలకైనా వేయండి. రంగు తిరిగిన కాయలను ప్రతి సాయంత్రం కోసేయండి. పండు రాత్రికి చెట్టు మీద ఉండకూడదు.

పురుగులు పండు ఈగవి. నిమ్మకాయ సైజులోనే కాయలకు కవర్లు తొడగండి. మగ పండు ఈగలను వాసనతో రప్పించి పట్టే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు ఎకరాకు 10 పెట్టండి.

రాలిన పండ్లను రోజూ ఏరి రెండడుగుల లోతున పూడ్చండి. కొరికిన పండును కడిగి తినడం, మేకలకు వేయడం వద్దు. 2018లో కేరళలోని కోజికోడ్‌ను వణికించిన నిపా వైరస్ పండ్లు తినే గబ్బిలాల్లోనే ఉంటుంది.

ఇక ఆ గుళికల సంగతి. అవి మట్టిలో వేసే పురుగుమందు. ఒకటి రెండు మింగినా చిన్న పిట్ట చనిపోతుంది. ఆ ముక్క కింద పడితే మేక తింటుంది, ఆడుకునే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. చిలుకలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. విషం పెట్టింది మీరు కాబట్టి కేసు ముందు మీ మీదే పడుతుంది. పక్షులకు వాడవచ్చని లేబుల్ మీద ఎక్కడ రాసి ఉందో చూపమని ఆ దుకాణదారును అడగండి. పురుగుకు, తెగులుకు, పిట్టకు ఒకే డబ్బా చూపించేవారి మాట విని మందు కొనడం మన రైతులు మానుకోవాలి.

పిప్పి ఉండలు ఎక్కడా కనిపించకపోతే, కొరికిన పండ్లను దగ్గరగా ఫోటో తీసి పంపండి. ఉడుత పళ్ల గాట్లేమో చూసి చెబుతాం.