దిష్టి తీసిన బామ్మ, స్నానం తీసుకున్న మనవడు

అబ్బాయీ,

నువ్వు పంపిన కథ బాగుంది. ముందే చెప్పేస్తున్నా, తర్వాత మర్చిపోతానేమోనని. ఇక నాకు కోపం తెప్పించిన సంగతి.

కుర్రాడు అమెరికా బయల్దేరుతున్నాడు, రాత్రి ఫ్లైటు. బామ్మ వంటింట్లోంచి గుప్పెడు రాళ్ళుప్పు, రెండు ఎండుమిరపకాయలు పట్టుకొచ్చి వాడి తల చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. మిరపకాయలు కాలినా ఎవరికీ దగ్గు రాలేదు. 'చూశావా, ఘాటు కూడా రాలేదు, ఎంత దిష్టి తగిలిందో' అంది. ఇంతవరకూ నీ చెయ్యి ఎక్కడా తొణకలేదు, నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది కూడా. ఆ తర్వాతి వాక్యం ఇదీ: 'ఆ విధంగా బామ్మ అతనిపై ఉన్న చెడు దృష్టిని తొలగించింది.' ఎందుకయ్యా? దిష్టి తీసింది అంటే అయిపోయేదానికి! నువ్వు ఆ ముక్క ముందు ఇంగ్లీషులో అనుకుని తర్వాత తెలుగులోకి దింపావని నా అనుమానం.

పేజీ తిప్పితే ఇంకో ఘోరం. 'అతను స్నానం తీసుకుని, టీ తీసుకుని, ఒక ఆటో తీసుకుని బయల్దేరాడు. ప్రయాణం రెండు గంటలు తీసుకుంది.' పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టాను, పద్నాలుగు పేజీల కథలో 31 తీసుకోవడాలున్నాయి. తీయాల్సిన దిష్టి తీయలేదు గానీ, చేయాల్సినవీ తాగాల్సినవీ ఎక్కాల్సినవీ అన్నీ తీసుకున్నాడు నీ హీరో.

ఉత్తరంలో నువ్వడిగింది ఏమిటంటే, ఇంగ్లీషులో కూడా రాయాలనుంది, 'టేక్' లాంటి చిన్న మాటల దగ్గరే తడబడుతున్నాను, ఏదైనా మంచి పుస్తకం చెప్పండి అని. నీ రెండు రోగాలకీ మూలం ఒకటే. స్కూల్లో 'టేక్ అంటే తీసుకొను' అని బట్టీ పట్టించారు, నువ్వు దాన్ని రెండు వైపులా వాడేస్తున్నావు. నాకో మొండి నమ్మకం ఉంది, నలభై ఏళ్ళుగా అందరితో పోట్లాడుతున్నా వదల్లేదు. క్రియని అర్థంతో నేర్చుకోకూడదు, దాని చుట్టాలతో నేర్చుకోవాలి. ఏ నామవాచకం ఇంటికి అది రాకపోకలు సాగిస్తుందో చూడాలి.

మన 'తీయు'నే చూడు. తలుపు తీస్తాం, రాగం తీస్తాం, పాపిడి తీస్తాం, గుంజీలు తీస్తాం, కునుకు తీస్తాం, పరుగు తీస్తాం, పరువు తీస్తాం, సినిమా తీస్తాం, ఆరా తీస్తాం. వీటన్నిటికీ కలిపి ఒక్క అర్థం చెప్పమంటే ఏ పండితుడు చెప్పగలడు? తెలుగు నేర్చుకునే తెల్లవాడెవడైనా 'తీయు అంటే టేక్' అని రాసుకుంటే, తలుపు తీయమన్నప్పుడు దాన్ని ఊడబెరికి భుజాన వేసుకుని పోతాడు. ఇంగ్లీషు దగ్గర మనం సరిగ్గా అదే చేస్తున్నాం.

ఆ 'టేక్' కూడా ఇంగ్లీషువాళ్ళ సొంతమేం కాదు. వాళ్ళకి పూర్వం 'నిమాన్' అనే మాట ఉండేది. జర్మన్లో ఇప్పటికీ 'నేమెన్' అంటారు, అదే కుటుంబం. వెయ్యేళ్ళ కిందట వైకింగులు వచ్చి ఇంగ్లండులో కాపురం పెట్టాక వాళ్ళ 'టాకా' ఇరుగుపొరుగు నోళ్ళలో పడి మెల్లగా పాతదాన్ని తోసేసింది. ఆ పాతదాని ముక్క ఒకటి మిగిలింది. తిమ్మిరెక్కితే 'నమ్' అంటారే, అదే. స్పర్శ 'తీసుకోబడింది' అన్నమాట. చూశావా, నీ 31 తీసుకోవడాలు చదివాక నాకు కలిగింది కూడా అదే.

ఒక్క ఇంగ్లీషులోనే ఊరుకో చుట్టరికం. అమెరికావాడు స్నానం 'టేక్' చేస్తే బ్రిటిష్‌వాడు 'హ్యావ్' అంటాడు. నిర్ణయం బ్రిటన్లో 'టేక్' అయినా నడుస్తుంది, అమెరికాలో 'మేక్' అనాలి. పరీక్ష సంగతి మరీ చిత్రం. అమెరికాలో పిల్లాడు 'టేక్' చేస్తాడు, హిందీవాళ్ళు 'దేనా' అంటారు కాబట్టి ఢిల్లీ కుర్రాడు ఎగ్జామ్ 'గివ్' చేస్తాడు, మనం పరీక్ష రాస్తాం కాబట్టి 'రోట్' అంటాం. ఎవరి వంటింటి వాసన వాళ్ళ ఇంగ్లీషుకి అంటుకుంటుంది.

నాకూ అంటింది. పేపర్ ఉద్యోగం మానేశాక ఇరవై రెండేళ్ళు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. రిటైరై న్యూజెర్సీలో అమ్మాయి దగ్గరికెళ్ళినప్పుడు పక్కింటి పెద్దాయన ఏం చేసేవారని అడిగితే, యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా 'టుక్ క్లాసెస్' అన్నాను గర్వంగా. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు, ఆ వయసు దాకా చదువుకుంటూనే ఉన్నారా, గొప్ప విషయం అని! అక్కడ క్లాసు 'టేక్' చేసేది విద్యార్థి. ఇంగ్లీషు లెక్చరర్ని, కిక్కురుమనకుండా లోపలికొచ్చాను. అందుకే చెప్తున్నా, మాట ఒక్కటే రాసుకోకు. ఎవరు, ఎక్కడ, దేన్ని 'టేక్' చేశారో వాక్యం మొత్తం నోట్‌బుక్కులో రాసుకో. రోజుకి మూడు చాలు.

'బ్రింగ్'కీ 'టేక్'కీ తేడా కూడా అడిగావు కదా. మనకి తీసుకురా, తీసుకుపో అని తోక మారిస్తే సరిపోతుంది. వాళ్ళకి దిక్కును బట్టి మాటే మారాలి. మాట్లాడేవాడి దగ్గరికో వినేవాడి దగ్గరికో వస్తే 'బ్రింగ్', దూరంగా పోతే 'టేక్'. మా ఇంటికొచ్చేటప్పుడు పుస్తకం 'టేక్' చెయ్యమని మా కాలేజీ పిల్లలు ఏటేటా రాసేవాళ్ళు. నేను దిద్దుతూనే ఉండేవాణ్ణి.

అసలు ఈ జబ్బు తెలుగుకి ఎవరంటించారో నేను కళ్ళారా చూశాను. 1986లో ఒక పేపర్లో రాత్రి డెస్కులో చేరాను. టెలిప్రింటర్ మీద ఇంగ్లీషులో వార్త వస్తుంది, చకచకా తెలుగు చెయ్యాలి. మొదటి రోజే 'ప్రమాదం జరిగింది' అని రాస్తే ఇన్‌ఛార్జి కొట్టేసి ఎర్ర సిరాతో 'చోటు చేసుకుంది' అని దిద్దాడు. 'టుక్ ప్లేస్' కదటోయ్ అన్నాడు. బస్సులో ఎవరైనా కాస్త జరిగితే చోటు చేసుకుని కూర్చుంటాం, ప్రమాదం ఎవర్ని జరగమని చోటు చేసుకుందండీ అన్నాను. నవ్వలేదు. ఇంకోసారి 'ఫోటో దిగారు' అన్న నా వాక్యాన్ని 'ఛాయాచిత్రం తీసుకున్నారు' చేశాడు. తీసేవాడు ఒకడు, దిగేవాళ్ళు ఇంకొకరు అని మన భాష ఎంత ముచ్చటగా పంచి పెట్టిందో ఆయనకి పట్టలేదు. నా కథలు మూడు ఆదివారం అనుబంధంలో ఆపించింది కూడా ఆయనే, అది వేరే సంగతి. తొమ్మిదేళ్ళు అక్కడ చోటు చేసుకున్నాను నేను, సిగ్గు లేకుండా అదే రాస్తూ.

నేను ఛాందసుణ్ణి అనుకుంటావేమో. 'లైట్ తీస్కో' అంటే నాకు ఇష్టమే, ఏ డెస్కూ తయారు చెయ్యలేదు దాన్ని, కుర్రాళ్ళ నోట్లో పుట్టింది. 'నిర్ణయం తీసుకోవడం' కూడా ఇక పోదు, దాంతో నాకు తగాదా లేదు. కానీ నీ కథలో అమ్మ 'టెన్షన్ తీసుకోకు' అంటుందే, అది హిందీలోంచి ఇండియా ఇంగ్లీషులోకి, అక్కణ్ణుంచి మీ అమ్మ నోట్లోకి వచ్చింది. ఆవిడ మామూలుగా అయితే 'టెన్షన్ పడకు' అంటుంది. పడటం మన పద్ధతి. భయపడతాం, బాధపడతాం, సిగ్గుపడతాం. ప్రయాణం కూడా రెండు గంటలు పడుతుంది.

నువ్వడిగిన కలం పేరు గురించీ, ఏ పత్రికకి పంపాలనే దాని గురించీ రాయడానికి ఇప్పుడు ఓపిక లేదు. కథ మాత్రం మళ్ళీ రాసి పంపు. బామ్మ చేత దిష్టి తీయించు. ఆటో 'తీసుకున్నాడు' అన్నచోట 'మాట్లాడుకున్నాడు' అని మార్చి చూడు, ఆ మాటలో బేరం ఉంది. రాత్రి తొమ్మిదింటికి రెండు సూట్‌కేసులతో వీధిలో నిలబడ్డ కుర్రాణ్ణి చూసి ఆటోవాడు ఎంత అడిగాడు? మీ నాన్న ఎంతకి దించాడు? అది రాయలేదు నువ్వు.