తమ్ముడూ, అన్నీ ఒకే ఏడాదిలో పెట్టుకోకు

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినవన్నీ పొద్దున్నే కాగితం మీద రాసుకున్నాను. జూన్ 30న రిటైర్మెంట్. శ్రావణంలో అమ్మాయి పెళ్లి. దసరాలోపు తెనాలి ఇల్లు అమ్మేసి హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గరికి మారిపోవడం. "అన్నీ మంచి పనులేగా అక్కా, టెన్షన్ ఎందుకు?" అన్నావు. ఆ మాటకే భయమేసింది.

మీ బావగారు పోయాక నేనేం చేశానో గుర్తుందిగా. నాలుగో నెలకల్లా ఇల్లు ఖాళీ చేసి బెంగళూరు వెళ్లిపోయాను. ఏడవడానికి కూడా తీరిక లేకుండా సామాన్లు సర్దుతుంటే, ఎంత గుండెధైర్యమో అని అందరూ మెచ్చుకున్నారు. ఆరో నెలలో నడుముకి ఒక పక్కన పట్టీ కట్టినట్టు పొక్కులు, మంట. అక్కి. జాజుతో సింహం బొమ్మ రాయించుకుంటే పోతుందని ఎవరో చెబితే, రాసేవాళ్ల కోసం వెతుకుతూ వారం పోగొట్టుకున్నాను. చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే తెలిసింది: చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ ఒంట్లోనే నక్కి ఉంటుందట, ఒంటి శక్తి తగ్గినప్పుడు మళ్లీ లేస్తుందట. మొదటి మూడు రోజుల్లో మందు మొదలుపెడితే బాగా పనిచేసేదట. ఆ నొప్పి ఏడాది దాకా వదల్లేదు. "ఈ మధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు, అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

ఆవిడే చెప్పింది. 1967లో అమెరికాలో హోమ్స్, రాహే అనే ఇద్దరు సైకియాట్రిస్టులు 43 జీవిత సంఘటనలకు మార్కులు వేశారట. భార్యో భర్తో పోతే 100. సొంత పెళ్లికి 50. సెలవులకి ఊరెళ్లినా 13! మంచా చెడా అని కాదు, మనిషి ఎంత సర్దుకోవాల్సి వస్తుందన్నదే వాళ్ల కొలత. నీ లెక్క వేశాను: రిటైర్మెంట్ 45, రాబడి మారడం 38, అమ్మాయి ఇల్లు విడిచి వెళ్లడం 29, జీవన పరిస్థితులు మారడం 25, ఇల్లు మారడం 20. మొత్తం 157. ఏడాదిలో 150 దాటితే జబ్బుపడే అవకాశం పెరుగుతుందని, 300 దాటితే మరీ ఎక్కువని వాళ్లన్నారు. దీన్ని జాతకంలా నమ్మకు. తర్వాత రాహేనే అమెరికా నౌకాదళంలో సుమారు 2,500 మందిని చూస్తే, సంబంధం ఉంది గానీ చిన్నదే అని తేలింది. కానీ నీకు షుగరుంది. ఒత్తిడి ఎక్కువ రోజులు ఉంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, దాంతో షుగరూ పెరుగుతుంది. నిద్ర చెడితే బీపీ కూడా తోడవుతుంది.

రిటైర్మెంట్‌ని ఆపలేం, పెళ్లి ఆపకూడదు. ఆపగలిగింది ఇల్లొక్కటే. వచ్చే వేసవి దాకా దాన్ని అమ్మొద్దు. హైదరాబాద్ వెళ్లి ఓ నెలుండి చూడు, నచ్చకపోతే తిరిగొచ్చేందుకు తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది. పెళ్లి పనుల్లో ఉన్నా పొద్దున్న నడక, భోజనం వేళ, మాత్రలు మాత్రం మార్చకు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష పెళ్లికి ముందొకసారి, తర్వాతొకసారి చేయించు. పాత డాక్టర్ ఫైలు కాపీ తీసి పెట్టుకో.

మరదలి సంగతి ఆలోచించావా? కూతురు వెళ్లిపోతుంది, నువ్వేమో పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని కూరలో ఉప్పు గురించి మాట్లాడతావు. ఇరుగుపొరుగు, గుడి, పూలమ్మి, అన్నీ ఆమెవి. ఇల్లు అమ్మడం గురించి ఆమెను అడిగావో, చెప్పావో నాకు తెలియదు. అడుగు. "మీ ఇష్టం" అంటే ఒప్పుకున్నట్టు కాదు.

పెళ్లికి పది రోజుల ముందే వస్తాను. ఇంటికి అడ్వాన్స్ ఇంకా తీసుకోలేదు కదా? తీసుకోబోయే ముందు ఒక్కసారి ఫోన్ చెయ్యి.

నీ అక్క